చెరువులు నింపే ముందు చెరువు లెక్క కట్టాలి
చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల చెరువులకు కంప్యూటర్ మోడళ్ళు ఎందుకు కావాలి

చెరువు కంప్యూటర్ మోడల్ జమాఖర్చు పుస్తకం లాంటిది. వాగులు తెచ్చేది, పైపుల్లో వచ్చేది, మీద పడే వాన జమ. ఆవిరయ్యేది, మరవ దాటి పోయేది, తూములో ఆయకట్టుకు పారేది, నేలలోకి ఇంకేది ఖర్చు. నీళ్ళకు రాసినట్టే వేడికి, ఆక్సిజన్‌కు, భాస్వరానికి, నత్రజనికి, ఉప్పులకు వేరువేరు పద్దులుంటాయి. ఎండ, గాలి, నీటి లోతు తెలిస్తే ఏ పద్దు గంట గంటకూ ఎంత మారుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది. ఈ విద్య కొత్తది కాదు. మురుగు కలిసిన నదిలో ఆక్సిజన్ ఎంత దూరంలో ఎంత పడిపోతుందో చెప్పే సమీకరణాన్ని అమెరికాలో స్ట్రీటర్, ఫెల్ప్స్ ఒహాయో నది మీద పనిచేస్తూ 1925లోనే ఇచ్చారు. సరస్సు ఎంత భాస్వరం మోయగలదో 1960లలో వోలెన్‌వైడర్ లెక్కకట్టాడు.

చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని ఈ గుట్టల్లోనే పుట్టినా వానలు పడితేనే పారతాయి. ఏటా కురిసేది సుమారు 700 మిల్లీమీటర్లు, ఎండకు ఆవిరయ్యేది అంతకు ఎంతో ఎక్కువ. చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటిన తర్వాత బెంగళూరు మురుగును శుద్ధి చేసి ఇటు పంపే పథకాలు వచ్చాయి. హెబ్బాళ-నాగవార లోయ పథకం రోజుకు 21 కోట్ల లీటర్లతో బెంగళూరు నగర, గ్రామీణ, చిక్కబళ్ళాపురం జిల్లాల్లోని 65 చెరువుల కోసం రూపొందింది. చిక్కబళ్ళాపురం దగ్గరి కందవార చెరువుకు చేరింది ఈ నీళ్ళే. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం ముఖ్యంగా కోలార్ జిల్లాకు, కొంత చింతామణి తాలూకాకు. అది 2018లో మొదలైన కొద్ది వారాలకే నీళ్ళు నురగలు కక్కాయి. హైకోర్టు ఆపింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా నీళ్ళు ఆపుతూ స్టే ఇచ్చింది, తర్వాత నీళ్ళు మళ్ళీ వదిలారు.

ఆ గొడవంతా ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: నీళ్ళు శుద్ధి అయ్యాయా, లేదా? ప్రశ్న న్యాయమైనదే, కానీ సగమే. శుద్ధి కేంద్రం గేటు దగ్గర నీళ్ళు ఎలా ఉన్నాయన్నది ఒకటి, అవి చెరువులో నెలల తరబడి ఎండకు నిలిస్తే ఏమవుతాయన్నది మరొకటి. రెండో ప్రశ్నకు గేటు దగ్గరి పరీక్ష జవాబు చెప్పలేదు. మోడల్ చెప్పగలదు. అందుకే ఈ నీళ్ళు అందుకునే ప్రతి చెరువుల గొలుసుకూ మోడల్ కట్టాలి, దాని లెక్కను బట్టే ఎన్ని నీళ్ళు, ఏ నాణ్యతతో వదలాలో తేల్చాలి.

వంద హెక్టార్ల చెరువు, సగటున రెండు మీటర్ల లోతు అనుకుంటే అందులో పట్టేవి 200 కోట్ల లీటర్లు. రోజుకు కోటి లీటర్లు వచ్చి చేరతాయనుకుందాం. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 50 లక్షల లీటర్లు గాల్లో కలుస్తాయి. అంటే వచ్చినదాంట్లో సగం. ఆవిరి ఉప్పును మోసుకుపోదు. కాబట్టి వాన లేని కాలం ఇలాగే సాగితే చెరువులో ఉప్పులు వచ్చిన నీళ్ళకంటే రెండింతల చిక్కదనం వైపు పోతాయి. భూమిలోకి ఇంకేది ఆ నీళ్ళే. ఇక భాస్వరం సంగతి. మహానగరాల శుద్ధి నీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ కఠినమైన హద్దును అక్షరాలా పాటించినా ఈ చెరువులోకి రోజుకు 10 కిలోల భాస్వరం వస్తుంది. సరస్సు నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే అది పాచితో కుళ్ళే దశ. ఈ చెరువు ఆ గీత చేరడానికి 200 కిలోలు చాలు. ఏమీ అడుక్కు దిగకపోతే ఇరవై రోజులు, నాలుగింట మూడు వంతులు దిగినా ఎనభై రోజులు. గేటు దగ్గర పాసైన నీళ్ళే చెరువులో ఫెయిలయ్యేది ఇలా.

పాచి పెరిగాక చెరువు పగలొక తీరు, రాత్రొక తీరు. మధ్యాహ్నం పాచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, పిహెచ్ 9 దాటుతుంది, ఆక్సిజన్ పొంగుతుంది. తెల్లవారుజామున అదే పాచి ఆక్సిజన్‌ను తినేస్తుంది, చేపలు తేలతాయి. అమ్మోనియా ఇంకో చిక్కు. పిహెచ్ 7 దగ్గర అందులో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 9 దగ్గర, ఇక్కడి ఎండలకు, మూడో వంతు దాటుతుంది. ఆఫీసు వేళల్లో, పగలు పదకొండుకు తీసిన శాంపిల్ చూసి చెరువు బాగుందని రాయడం తేలిక. మోడల్ ఇరవై నాలుగు గంటలూ లెక్క కడుతుంది కనుక ఏ వేళ శాంపిల్ తీయాలో కూడా అదే చెబుతుంది.

అడుగున బురద ఉంది. దాని మీద ఆక్సిజన్ అయిపోతే ఇనుము కరిగి, పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. ఇంగ్లండు సరస్సుల్లో మోర్టిమర్ 1941-42 నాటికే దీన్ని చూపాడు. అమెరికాలోని మినెసోటాలో షగావా సరస్సుకు 1973లో భాస్వరాన్ని తీసేసే మూడో దశ శుద్ధి మొదలుపెట్టారు. అయినా ఎండాకాలం పాచి చాలా ఏళ్ళు తగ్గలేదు, బురదే భాస్వరాన్ని తిరిగి వదులుతూ వచ్చింది. ఒకసారి చెడిన చెరువు బాగుపడటానికి పట్టే కాలం చెడటానికి పట్టిన కాలం కంటే ఎక్కువ. లెక్క ముందే కట్టమనడం ఇందుకే. ఇప్పటికే నీళ్ళు అందుతున్న చెరువుల బురదను కూడా పరీక్షించి ఆ లెక్కలో చేర్చాలి.

ఈ చెరువుల అసలు పని బోర్లకు నీళ్ళివ్వడం. నిండిన చెరువుల చుట్టూ బోర్లలో మట్టం పెరిగిన మాట నిజం, రైతుకు అది చిన్న మేలు కాదు. అయితే బాగేపల్లి, చింతామణి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ పాత బెడద. భారత ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. చెరువు నీళ్ళు ఇంకితే ఫ్లోరైడ్ పలచబడవచ్చు. సోడియం, బైకార్బనేట్ ఎక్కువై కాల్షియం తగ్గిన నీళ్ళయితే రాతిలోంచి మరింత ఫ్లోరైడ్ కరగనూ వచ్చు. ఏ ఊళ్ళో ఏది జరుగుతుందో ఊహతో తేలదు, చెరువు మోడల్‌ను భూగర్భజల మోడల్‌తో కలిపి నడిపితే తేలుతుంది. తాగే నీటి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములైన నైట్రేట్‌కూ ఇదే మాట.

మోడళ్ళు ఖర్చు, పైగా తప్పు చెబుతాయి అన్నది మామూలు అభ్యంతరం. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో తయారైన జనరల్ లేక్ మోడల్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఖర్చంతా కొలతలకే. చెరువు ఎక్కడ ఎంత లోతో తెలిపే పటం, కట్ట మీద వాన, గాలి, ఎండ కొలిచే చిన్న కేంద్రం, పైపు నోటి దగ్గర, మరవ దగ్గర ప్రవాహ కొలత, తెల్లవారుజామున, మధ్యాహ్నం తీసే శాంపిళ్ళు కావాలి. నీటిని పంపే పైపులు, పంపులకు పెట్టే డబ్బు ముందు ఇది లెక్కలోకి రాదు. ఇక తప్పుల సంగతి: మొదటి ఏడాది కొలతలతో సరిచేసి, రెండో ఏడాది కొలతలతో పరీక్షించని మోడల్‌ను నమ్మాల్సిన పని లేదు. ఎంత తప్పవచ్చో ఫలితం పక్కనే రాయాలి. మూసీ వరద తర్వాత హైదరాబాదుకు పిలిపించినప్పుడు ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య వాన, వాగుల లెక్కలు తీసిన తర్వాతే జలాశయాలు కట్టమన్నారు. ఆయన సొంత జిల్లాకు అంతకంటే తక్కువ జాగ్రత్త చాలదు.

ఈ పని చిన్న నీటిపారుదల శాఖది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థుల చేత కొలతలు తీయించవచ్చు, ఆయకట్టుకు నీళ్ళు పంచుతూ చెరువు తీరు తరతరాలుగా ఎరిగిన నీరగంటిని కూడా అడగాలి. మోడల్ లెక్క హద్దు మించితే నీళ్ళు తగ్గించే, లేదా మూడో దశ శుద్ధి పెట్టే బాధ్యత నీళ్ళు పంపే సంస్థ మీద రాతపూర్వకంగా ఉండాలి. ఫలితాలు ప్రతి నెలా పంచాయతీ కార్యాలయం గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ పెట్టాలి. చిత్రావతి బాగేపల్లి దాటి ఆంధ్రలో పుట్టపర్తి వైపు పోతుంది, పాపఘ్ని కూడా ఆంధ్రలోకే పోతుంది. కాబట్టి ఆ ఫలితాల ప్రతి సరిహద్దు అవతలి నీటిపారుదల అధికారులకూ అందాలి.