రెండు వేళ్ళతో లేచే సైకిలు

సైకిల్ షాపుకి వెళ్ళినవాడు ముందుగా ఏం చేస్తాడో గమనించండి. తొక్కి చూడడు, బ్రేకు నొక్కి చూడడు. ముందు రాడ్డు కింద రెండు వేళ్ళు పెట్టి పైకి లేపి చూస్తాడు. మొన్న నన్ను తోడు తీసుకెళ్ళిన కుర్రాడూ అదే చేశాడు. హైదరాబాదులోని కృష్ణానగర్‌లో గది, ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంటు పని, జేబులో పాతిక వేలు. "అన్నా, పిట్టలా లేచింది చూడు!" అన్నాడు. షాపతను వెంటనే అందుకున్నాడు: "జూబ్లీహిల్స్ అంతా అప్పే కద సార్. తేలికబండి లేకపోతే ఎక్కలేరు."

ఆయన చెప్పిన అప్పు రోడ్డు ఎత్తు. నాకు వినిపించిన అప్పు వేరే. ఎందుకంటే కుర్రాడు లేపిన సైకిలు ఖరీదు వాడి జేబుకి రెండింతలుంది.

ఎత్తుపల్లాల ఊళ్ళో రోజూ పనికి తొక్కేవాడికి బరువు తక్కువున్న సైకిలే మంచి సైకిలు, కాబట్టి అప్పో సప్పో చేసి దొరికినంతలో అన్నిటికన్నా తేలికైనది కొనాలి. ఈ మాట షాపుల్లో వింటాం, టీకొట్టు దగ్గర వింటాం, ఆదివారం కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగే సైకిలు పెద్దల దగ్గర ఇంకా గట్టిగా వింటాం. వినడానికి ఎంత సబబుగా ఉందంటే ఎవరూ లెక్క వేసి చూడరు. వేస్తే నిలబడదు.

ఎత్తు సంగతి నిజమే, దాన్ని కాదనను. జూబ్లీహిల్స్ బండరాళ్ళ గుట్టల మీద కట్టిన కాలనీ. ఆ వాలు ఎంతో తెలుసుకోవాలంటే మ్యాపు అక్కర్లేదు, గట్టి వాన రోజు కృష్ణానగర్‌లో నిలబడితే చాలు. పైనున్న రోడ్ల నీళ్ళన్నీ కింది గల్లీల్లోకి దూకుతాయి, నిలబెట్టిన బైకులు కొట్టుకుపోతాయి. ఆ నీళ్ళు దిగివచ్చిన దారినే లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, అసిస్టెంటు డైరెక్టర్లు పొద్దున్నే ఎదురెక్కి పనికి పోవాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఎక్కుడు, అక్కణ్ణుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఎక్కుడూ దిగుడూ.

ఇక లెక్క. మనిషి 70 కిలోలు, సైకిలు 15 కిలోలు, మొత్తం 85. యాభై మీటర్ల ఎత్తు ఎక్కాలనుకోండి. మామూలు మనిషి మరీ రొప్పకుండా తొక్కితే పెడళ్ళ మీద 120 వాట్ల శక్తి పెడతాడనుకుందాం. గాలినీ రోడ్డు రాపిడినీ పక్కన పెడితే ఆ ఎత్తుకి 347 సెకన్లు పడుతుంది, ఆరు నిమిషాలకి కాస్త తక్కువ. ఇప్పుడు సైకిలు బరువు ఏకంగా అయిదు కిలోలు తగ్గించండి. 327 సెకన్లు. మిగిలింది ఇరవై సెకన్లు. చెక్‌పోస్ట్ దగ్గర ఒక్క ఎర్రలైటు పడితే అంతకు మూడింతలు పోతుంది. ఆ పది కిలోల సైకిల్ని ఎనిమిది చేయాలంటే మామూలుగా కార్బన్ ఫ్రేము కావాలి, లక్ష దాటాలి. లక్ష పోసి కొన్నది ఎనిమిది సెకన్లు. పైగా భుజాన ల్యాప్‌టాపు, ఛార్జరు, టిఫిన్ బాక్సు, ముప్పావు లీటరు నీళ్ళు, కిలో పైన తూగే తాళం. రెండు వేళ్ళతో లేపి చూసినప్పుడు వీటిలో ఒక్కటైనా బండి మీద ఉందా?

మరి సైకిలు ఎత్తు ఎక్కదని అందరూ అనుభవంతోనే చెబుతున్నారు కదా అంటారు. అనుభవం నిజమే, దానికి చెప్పే కారణమే తప్పు. బంగళాల ముందు వాచ్‌మన్ తొక్కే నల్ల సైకిలు చూడండి. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18. పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు అయిదున్నర మీటర్లు కదలాలి. పెద్ద ఎత్తు మీద మనిషి వేగం గంటకి ఆరు కిలోమీటర్లకి పడిపోతుంది, అంటే నిమిషానికి వంద మీటర్లు. ఆ వేగంలో అతని కాళ్ళు నిమిషానికి పద్దెనిమిది చుట్లు మాత్రమే తిరగాలి. ఒక్కో చుట్టుకి శరీరం బరువంతా పెడలు మీద వేసి నిలబడాలి. అలా ఎవరూ తొక్కలేరు, అందుకే దిగి తోస్తాడు. అదే బండికి ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే ఒక చుట్టుకి రెండు మీటర్లు చాలు. నిమిషానికి దాదాపు యాభై చుట్లు. కూర్చునే ఎక్కొచ్చు, చెమట కూడా తక్కువ. అతన్ని దింపినది బండి ఇరవై కిలోల బరువు కాదు, వెనక చక్రంలో లేని పళ్ళు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ళ క్రితం నేనూ తేలిక మోజులో పడ్డాను. ఎవరో వాడి వదిలేసిన రేసింగు సైకిలు, తొమ్మిది కిలోలు, సూదిలాంటి టైర్లు. షాపు పేరెందుకు గానీ, "ఇంత తేలికది ఈ రేటుకి మళ్ళీ దొరకదు" అన్నారు, కొనేశాను. ముందు చిన్న పళ్ళచక్రానికే 39 పళ్ళు, వెనక పెద్దదానికి 25. అంటే చుట్టుకి మూడుంపావు మీటర్లు. మొదటి సోమవారం ఎక్కుడు మధ్యలో మోకాళ్ళు మొరాయించి దిగిపోయాను. పక్కనే ఒక వాచ్‌మన్ క్యారియర్‌కి టిఫిన్ కట్టుకుని తన నల్ల సైకిలు తోసుకుంటూ వస్తున్నాడు. ఆయనది నా బండికి రెండింతల బరువు. ఇద్దరం ఒకే వేగంతో, ఒకే వరుసలో, నడిచి ఎక్కాం. ఆయన నా సైకిలు వైపు చూసి, "ఇది కూడా ఎక్కదా సార్?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ నెలలోనే ఒక డ్రైనేజీ జాలీ సందులో ముందుటైరు దిగబడి మోచేయి చెక్కుకుపోయింది.

ఈ తేలిక పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పందెం నుంచి. కొండల మీద గంటల తరబడి పోటీ సాగితే ఎనిమిది సెకన్లకీ విలువుంటుంది. అక్కడ కూడా అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి 6.8 కిలోలకంటే తేలికైన బండిని ఒప్పుకోవడం లేదు. పందెంగాళ్ళకే హద్దు పెట్టిన బరువు వెంట కాల్‌షీటుకి పోయేవాడు పరుగెత్తడం ఏమిటి? ఎందుకంటే మన ఊళ్ళో సైకిలంటే వ్యాయామం అనుకుంటాం, బండి అనుకోం. కారు వెనక కట్టుకుని తెచ్చి, దింపి, తొక్కి, మళ్ళీ కట్టుకుపోతాం. సర్కారు ఆలోచన కూడా అంతకు దూరంగా లేదు. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ తెరిచారు. తొక్కడానికి హాయి, చూడడానికి ముచ్చట. కానీ కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్‌కి పనికెళ్ళేవాడికి అందులో ఒక్క మీటరైనా దారిలో పడదు.

బరువు అసలు పట్టించుకోవద్దని నేననడం లేదు. పైసా ఖర్చు లేకుండా తగ్గే బరువుంది. అది కొనకుండా వదిలేసేది. మన షాపుల్లో తక్కువ ధరల సైకిళ్ళకి ముందు షాకప్‌లు బిగించి కుర్రాళ్ళకి ఎర వేస్తారు. ఆ చవక షాకప్‌లే రెండు కిలోల పైన తూగుతాయి, పైగా ఎత్తెక్కేటప్పుడు కాలి బలాన్ని ఊగుతూ తాగేస్తాయి. షాకప్ లేని సాదా ఫోర్కు, అల్యూమినియం ఫ్రేము, మందం తగ్గిన టైర్లు ఉంటే పది పదకొండు కిలోలకి దిగుతుంది. అక్కడితో ఆపాలి. ఆ తర్వాత తగ్గే ప్రతి కిలోకీ కిరాయికి దాచుకున్న డబ్బు పోతుంది.

పైగా ఎక్కినవాడు దిగాలి. ఎక్కేటప్పుడు బరువు లెక్కలు చెప్పే పెద్దలు దిగేటప్పుడు బ్రేకుల ఊసెత్తరు. కూడబెట్టిన ఎత్తంతా రిమ్ము మీదో డిస్కు మీదో వేడిగా కక్కాలి. వానాకాలం తడిసిన రిమ్ము మీద రబ్బరు బ్రేకు వెంటనే పట్టదు. తేలిక కోసం సన్నగా చెక్కిన పాత రేసు ఫ్రేములు చాలావాటిలో 25 మిల్లీమీటర్ల టైరు దాటితే పట్టదు, మడ్‌గార్డు బిగించుకోవడానికి కన్నాలే ఉండవు. 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు గుంతనీ జాలీనీ ఓర్చుకుంటుంది. పందెంగాళ్ళు కూడా 23 వదిలి 28 దాకా, ఆపైకి వచ్చేశారు. మన అభిప్రాయాలే ఇంకా పాత టైరు మీద నడుస్తున్నాయి.

ఇంకో సంగతి. పంక్చర్ అయితే బండి వెళ్ళేది షోరూముకి కాదు, గల్లీ చివర పంక్చర్ షాపుకి. ప్రెస్టా అనే సన్నటి వాల్వుకి అక్కడి పంపు పట్టదు. దానికి తగిలించుకునే చిన్న ఇత్తడి మూతి ఉంటుంది, చిల్లర డబ్బుల సరుకు, సీటు కింద సంచిలో ఒకటి వేసుకోవాలి. వెనక ఏడెనిమిది గేర్లుంటే చైనూ ఫ్రీవీలూ మన బజార్లో దొరుకుతాయి. పదకొండు గేర్ల బండి చైను తెగితే నెట్లో ఆర్డరు పెట్టి నాలుగు రోజులు ఆటో ఎక్కాల్సిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలినదాన్ని గ్రాములు తగ్గించుకోవడానికి తగలేయకుండా, మడ్‌గార్డులకీ ముందూ వెనకా లైట్లకీ మంచి తాళానికీ పెట్టుకోవాలి.

అవతలివాళ్ళ మాట నిజమయ్యే చోటు ఒకటుంది, అది ఒప్పుకోకపోతే అన్యాయం. కృష్ణానగర్ గదులకి పార్కింగు ఉండదు. కింద వదిలేస్తే తెల్లారేసరికి సీటో చక్రమో మాయం. రాత్రి రెండో షిఫ్టు ముగించుకుని వచ్చినవాడు మూడో అంతస్తు దాకా సన్నటి మెట్ల మీద సైకిల్ని భుజాన వేసుకోవాలి. అక్కడ పదిహేను కిలోలకీ పదికీ తేడా వెన్నుపూసకి తెలుస్తుంది. సైకిలు మనల్ని మోసేచోట దాని బరువు పెద్ద లెక్క కాదు, మనం సైకిల్ని మోసేచోట అది లెక్కే. మీ ఇల్లు మూడో అంతస్తయితే, లిఫ్టు లేకపోతే, ఆ మేరకు తేలికకి డబ్బు పెట్టండి. చెక్‌పోస్ట్ ఎత్తు పేరు చెప్పి మాత్రం పెట్టకండి.

2010లో వచ్చిన 'మర్యాద రామన్న' సినిమాలో సునీల్ సైకిలు రవితేజ గొంతుతో మాట్లాడుతుంది. షాపులో సైకిళ్ళు మాట్లాడవు కాబట్టి వాటి తరఫున నేనే మాట్లాడాను. కుర్రాడు చివరికి వంగి వెనకచక్రం పళ్ళు లెక్కపెట్టాడు. పెద్ద పళ్ళచక్రానికి 34. టైరు 28. మడ్‌గార్డు కన్నాలున్నాయి. "అన్నా, దీన్ని లేపాలంటే చెయ్యంతా పట్టాలి" అన్నాడు, కాస్త దిగులుగా. పాతికవేలలోనే వచ్చింది, తాళానికీ లైట్లకీ మిగిలింది కూడా. మర్నాడు ఎక్కుడు మధ్య నుంచి ఫోన్ చేశాడు, రొప్పు వినిపించింది గానీ దిగలేదట.

ఇంత చెప్పాక నన్ను వదలనిది ఆ వాచ్‌మన్ అడిగిన మాటే. తేలిక సైకిలు గురించి ఈ ఊళ్ళో జరిగే వాదాల్లో అతన్ని ఎవరూ అడగలేదు. అడిగుంటే అతనికి కావలసింది కార్బన్ ఫ్రేము కాదని తెలిసేది. ఆ 18 పళ్ళ ఫ్రీవీలు విప్పి 22 పళ్ళది బిగిస్తే చాలు, చుట్టుకి అయిదున్నర మీటర్లది నాలుగున్నరకి దిగుతుంది. మొత్తం ఎత్తు ఎక్కకపోవచ్చు. ఇప్పుడు దిగుతున్న చోటు దాటి ఓ పదిహేను గజాలు ఎక్కువ తొక్కుతాడు.