మారింది జబ్బా, ల్యాబా?
సి.ఎం.ఎల్. అనే రక్త క్యాన్సరుకు ఇమాటినిబ్ మాత్రలు వాడేవారికి మొదట్లో మూడు నెలలకోసారి బి.సి.ఆర్-ఎ.బి.ఎల్. జన్యు పరీక్ష చేయిస్తాం. ఒక ల్యాబులో 0.08 శాతం ఉన్నది మరో ల్యాబులో 0.3 అని రాగానే, జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. పరీక్షకు వాడే రసాయనాలు, పోల్చి చూసే జన్యువు వేరైతే అదే రక్తానికి అంకె మారవచ్చు.

అందుకే 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక నమూనాలను ఆమోదించింది. అంతర్జాతీయ కొలతకు సరిచూసుకున్న ల్యాబు రిపోర్టులో 'ఐ.ఎస్.' అని ఉంటుంది. ఆ కొలతలో 0.1 శాతం, అంతకు తక్కువ వస్తే మందు బాగా పనిచేస్తున్నట్లే. ఆ రెండక్షరాలు లేని రిపోర్టుకు రోగి దగ్గర వేలు తీసుకోవడం సబబు కాదని మా అభిప్రాయం. చవక అని ప్రతిసారీ వేరే ల్యాబుకు పంపే మాలాంటివారిదీ తప్పే!

వీలైనంతవరకు ఒకే ల్యాబుకు వెళ్ళండి. మారక తప్పకపోతే పాత రిపోర్టులన్నీ తెండి. అంకె పెరిగినా మాత్రలు మానకండి. మరోసారి పరీక్ష చేయించాకే మందు మార్చే సంగతి ఆలోచిద్దాం.