చదివితే ధర తగ్గుతుందట!

అమెరికాలో కామిక్ పుస్తకాలకు మార్కులు వేసే సంస్థ ఒకటుంది. పేరు సీజీసీ. 2000లో మొదలైంది. రుసుము కట్టి పుస్తకం పంపితే, అక్కడి నిపుణులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. అట్ట మీద గీతలున్నాయా, వెన్ను దగ్గర మడత పడిందా, పిన్నులు తుప్పు పట్టాయా, కాగితం ఎంత పసుపెక్కింది, అన్నీ చూసి పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఆ పైన పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, సీలు వేసి తిప్పి పంపుతారు. ముందు అట్ట, వెనక అట్ట కనిపిస్తాయి. లోపలి పేజీలు ఇక ఎవరికీ కనిపించవు. ఉండబట్టలేక పెట్టె పగలగొట్టి ఒక్కసారి చదివారో, ఆ మార్కులు చెల్లవు. మళ్లీ పంపాలి, మళ్లీ రుసుము కట్టాలి.

పరీక్షలూ మార్కులూ లేని కాసేపటి కోసం పిల్లలు పట్టుకునే పుస్తకానికే మార్కుల పత్రం తగిలించారన్నమాట.

దీన్ని వెక్కిరించడం తేలికే. కానీ దీని వెనక ఉన్న డబ్బు మాత్రం నవ్వులాట కాదు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938లో పది సెంట్లకు అమ్మారు. పదికి ఎనిమిదిన్నర మార్కులొచ్చిన ఒక ప్రతి 2024 ఏప్రిల్‌లో వేలానికి వస్తే 60 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో దాదాపు 50 కోట్ల రూపాయలు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు తలెత్తి అటక వంక చూస్తారు. చిన్నప్పటి చందమామలు, అమర చిత్ర కథలు, ఫాంటమ్ పుస్తకాలు ఉన్న ఆ అట్టపెట్టె ఏమైందో అని భార్యను అడుగుతారు. ఆమె మొన్న దసరాకు ఇల్లు సర్దినప్పుడే తూకానికి వేసేశానని చెబుతుంది. ఇంట్లో కాసేపు మాటలుండవు.

ఆ పది సెంట్ల పుస్తకానికి అంత ధర ఎలా వచ్చిందో చూస్తే విషయం ఇంకో రకంగా కనిపిస్తుంది. అప్పట్లో సుమారు రెండు లక్షల ప్రతులు అచ్చు వేశారని, ఇప్పుడు మిగిలినవి వంద దాకా ఉండొచ్చని అంచనా. తక్కినవన్నీ ఏమైనట్టు? చాలావాటిని పిల్లలు చదివి చదివి చించేశారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారి, జేబుల్లో నాలుగు మడతలు పడి, మంచాల కిందికి చేరాయి. మంచం కింద ఊడ్చిన అమ్మలు చెత్తలో పడేశారు. రెండో ప్రపంచ యుద్ధం నాడు సర్కారు పాత కాగితం పోగుచేయమంటే, దేశభక్తితో మూటలు కట్టి ఇచ్చేశారు. యుద్ధం అయిపోయాక, 1948లో, ఈ పుస్తకాలు పిల్లల్ని చెడగొడుతున్నాయని కొన్ని ఊళ్లలో పెద్దలు దగ్గరుండి మరీ వాటిని కుప్పపోయించి తగలబెట్టించారు. ఇన్ని గండాలు గడిచి బతికినవి కాబట్టే ఆ ధర. ఈనాటి పెట్టుబడిదారు డబ్బు పోసి కొంటున్న అరుదుదనాన్ని తయారుచేసి పెట్టింది, పుస్తకాన్ని చదివి పారేసిన ఆనాటి పిల్లలు.

దాచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. డెన్వర్ నగరంలో ఎడ్గార్ చర్చ్ అనే చిత్రకారుడు ఏళ్ల తరబడి వేలకొద్దీ కామిక్స్ కొని, ఇంట్లో గుట్టలుగా పేర్చుకున్నాడు. గాలీ వెలుతురూ తగలని చోట ఒకదాని మీద ఒకటి బరువుగా ఉండటంతో అవి నిన్న అచ్చయినట్టే నిలిచిపోయాయి. 1977లో చక్ రొజాన్‌స్కీ అనే కామిక్స్ వ్యాపారి ఆ గుట్టలన్నీ కొన్నాడు. ఇప్పుడు ఆ ఇంటి నుంచి వచ్చిన ప్రతి అంటే చాలు, ధర ఆకాశంలో ఉంటుంది. అయితే చర్చ్ వాటిని కొన్నది ధర పెరుగుతుందని కాదు. తన బొమ్మల పనికి నమూనాలుగా పనికొస్తాయని. చేయి ఎలా తిప్పితే బాగుంటుంది, పరిగెత్తే మనిషిని ఎటునుంచి గీయాలి అని చూసుకోవడానికి. అంటే ఆయన కూడా ఓ రకం పాఠకుడే.

పెట్టుబడి కోసమే కొన్నవాళ్ల కథ 1990లలో నడిచింది. పాత కామిక్స్‌కు లక్షలొస్తున్నాయన్న వార్తలు చూసి, కొత్తవి కొని దాచుకుంటే మన పిల్లల చదువులకు పనికొస్తాయని అక్కడి జనం ఎగబడ్డారు. ప్రచురణకర్తలకు అంతకంటే ఏం కావాలి? 1991లో మార్వెల్ సంస్థ 'ఎక్స్‌మెన్' కొత్త వరస మొదటి సంచికను అయిదు రకాల అట్టలతో వదిలింది. లోపల కథ ఒకటే. అయినా ఐదూ కొన్నారు, ఒక్కొక్కటి నాలుగేసి ప్రతులు కొన్నారు. మొత్తం 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడు నవంబరులో మరో ప్రచురణ సంస్థ డీసీ వాళ్లు తమ సూపర్‌మ్యాన్‌నే చంపేశారు. ఆ సంచికను నల్ల సంచీలో సీలు వేసి, చేతికి కట్టుకునే నల్ల పట్టీ కూడా లోపల పెట్టి అమ్మారు. దుకాణాల ముందు బారులు తీరారు. కొన్నవాళ్లలో చాలామంది రెండు ప్రతులు తీసుకున్నారు. ఒకటి చదవడానికి, ఇంకొకటి సంచీ విప్పకుండా దాచడానికి. అసలు నగలు బ్యాంకు లాకరులో పెట్టి, పెళ్లికి గిల్టువి వేసుకుని వెళ్లే మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఇంతా చేస్తే, చచ్చిన సూపర్‌మ్యాన్ సంవత్సరీకమైనా కాకముందే లేచి వచ్చాడు.

అందరూ దాచుకున్న వస్తువుకు అరుదుదనం ఎక్కడి నుంచి వస్తుంది? కొన్నవాళ్లు ఒక్కసారి అమ్మబోయేసరికి కొనేవాళ్లు లేరు. వేల దుకాణాలు మూతపడ్డాయి. మార్వెల్ సంస్థే 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది. ఆ ఎక్స్‌మెన్ మొదటి సంచిక మామూలు ప్రతులు ఇవాళ్టికీ కొద్దిపాటి డాలర్లకు దొరుకుతాయి. ముప్పై ఏళ్లు దాచినందుకు వచ్చింది అది. అయితే ఆ పుస్తకం గీసిన జిమ్ లీ మంచి చేయి ఉన్నవాడు. పుస్తకం తెరిచి బొమ్మలు చూసుకున్నవాళ్లకు కనీసం ఆ లాభమైనా మిగిలింది.

ఈ మార్కెట్టు ఏది విలువైనదంటుందో చూసినా వింతగానే ఉంటుంది. కథ బాగుందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఎవరు మొదటిసారి కనిపించారన్నదే లెక్క. 1974లో వచ్చిన 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచికలో వుల్వరిన్ అనే పాత్ర తొలిసారి పూర్తిగా కనిపిస్తాడు, కాబట్టి దానికి వేల డాలర్లు. కానీ కొనేముందు తెలివైనవాడు ఉత్తరాల పేజీ తిప్పి చూస్తాడు. ఎందుకంటే ఆ రోజుల్లో మార్వెల్ వాళ్లు ఒక్కో సంచికలో ఒక్కో బొమ్మ బిళ్ల అచ్చువేసి, కత్తిరించి పుస్తకంలో అంటించుకోండని పిల్లలకు చెప్పారు. చెప్పినమాట విన్న పిల్లలందరూ కత్తెర తీసుకుని కత్తిరించారు. ఆ బిళ్ల లేని ప్రతికి ఇప్పుడు ధర ఢమాలున పడిపోతుంది. ప్రచురణకర్త ఎలా ఆడుకోమన్నాడో అలా ఆడుకున్న పిల్లవాడి పుస్తకం చెడిపోయిన సరుకు. చెప్పినమాట వినని పిల్లవాడిది మేలిమి సరుకు.

మన దగ్గర వ్యవహారం ఇంత దూరం రాలేదు గానీ, గాలి మాత్రం వీస్తోంది. 1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు మొదలుపెట్టి 1990లో ఆపేసిన ఇంద్రజాల్ కామిక్స్ తొలి సంచికలకు ఇప్పుడు వేల రూపాయలు అడుగుతున్నారు. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర చిత్ర కథ పాత అచ్చులకూ గిరాకీ ఉంది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో వెలువరించిన చందమామ తొలి ఏళ్ల సంచికల సంగతి చెప్పనే అక్కర్లేదు. చందమామ కామిక్ పుస్తకం కాదని అభ్యంతరం చెప్పేవాళ్లుంటారు. నిజమే. కానీ శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే శంకర్ గారి విక్రమార్కుణ్ణి, 'చిత్ర' గీసిన రాక్షసుల్ని, వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్ని పక్కన పెట్టి చందమామను తలుచుకోమనండి చూద్దాం.

ఆ మధ్య ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చందమామ బైండు ఒకటి కనిపించింది. 1960ల నాటిది. వెన్నుకు ఎర్ర కాలికో గుడ్డ, అట్టకు చారల కాగితం. పన్నెండు నెలలవీ కలిపి కుట్టారు. కుట్టేముందు బైండరు పిన్నులు పీకేశాడు, చాలా సంచికల అట్టలు తీసేశాడు, మూడు పక్కలా అంచులు కోసేశాడు. కోత కాస్త లోపలికి పోయి కొన్నిచోట్ల పేజీ నంబర్లు సగమే మిగిలాయి. జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపినట్టున్నాడు, కుట్టు దగ్గర నీలంగా మరకలు. లోపల ఒక మాంత్రికుడికి ఎవరో నీలం సిరాతో కళ్లజోడు పెట్టారు. రెండు ఫొటోలిచ్చి జంట వ్యాఖ్యలు రాయమనే పోటీ ఉండేది కదా, ఆ పేజీల్లో దాదాపు ప్రతి నెలా పెన్సిల్‌తో వ్యాఖ్యలు రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. కార్డు మీద రాసి మద్రాసు పంపారో లేదో తెలియదు. ఒక నెలది మాత్రం చాలా బాగుంది. మేమైతే దానికే బహుమతి ఇచ్చేవాళ్లం.

సీజీసీ వాళ్ల లెక్కన ఈ బైండుకు అరమార్కు కూడా దండగే. అట్ట లేదు, అంచు లేదు, పిన్ను లేదు, పైగా రాతలు. అమ్మకానికి కూర్చున్న మనిషి కూడా అదే చెప్పాడు: విడి సంచికలైతే ఎక్కువ వచ్చేవని, బైండు చేసి పాడుచేశారని. కానీ బైండు చేయించకపోతే ఆ పన్నెండు సంచికలు అరవై ఏళ్లు ఒక్కచోట ఉండేవా? ఒకటి పక్కింటికి, ఒకటి రైల్లోకి, ఇంకొకటి ఉప్మా పొట్లానికి పోయేవి. తెలుగిళ్లలో బైండు చేయించడమంటే, ఇది మళ్లీ చదువుతాం, తమ్ముడూ చదువుతాడు, వాడి పిల్లలూ చదువుతారు అన్న నమ్మకం. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఒక్క సీరియల్ పేజీలే చింపి వరసగా కుట్టించుకునేవారు. 'శిథిలాలయం', 'యక్షపర్వతం' లాంటివి అలా ఇళ్లలో నవలలైపోయాయి. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు పత్రికలో వేసేవారు కాదు. రాసిందెవరో తెలియకుండానే, పేజీలు చింపి దాచుకునేంత ఇష్టపడ్డారు జనం. 'శిథిలాలయం' నాయకుడు శిఖిముఖి మొదటిసారి కనిపించిన సంచిక అని ఎవరూ విడిగా దాచలేదు. తర్వాతేం జరిగిందన్నదే వాళ్లకు కావలసింది.

పోగుచేసేవాడికీ చదివేవాడికీ తేడా అంతా, పోయిన సంచిక దగ్గర బయటపడుతుంది. వరసలో ఒక నెల లేకపోతే ఇద్దరూ వెతుకుతారు. మొదటివాడికి కావలసింది వరస నిండటం, అందుకని శుభ్రమైన ప్రతి దొరికేదాకా ఆగుతాడు. రెండోవాడు నాయకుణ్ణి కొండ అంచున వేలాడుతుండగా వదిలేసి వచ్చాడు. అట్ట లేకపోయినా, కాఫీ మరక ఉన్నా, అద్దె పుస్తకాల షాపు ముద్ర పేజీ పేజీకీ కొట్టి ఉన్నా కొంటాడు. ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగడు.

పెట్టుబడిగా చూసేవాళ్లను మరీ దుష్టులుగా చూపడం మా ఉద్దేశం కాదు. వాళ్ల డబ్బాశ వల్లనే కొన్ని పుస్తకాలు చెదల పాలు కాకుండా ఉన్నాయి. తక్కువ రకం కాగితం మీద అచ్చయిన పుస్తకాలు వాటంతటవే పెళుసెక్కుతాయి, మన కోస్తా ఉక్కలో మరీను. ప్లాస్టిక్ సంచీలో పెట్టి వెనక అట్టముక్క ఆనించి నిలబెట్టడం మంచి అలవాటే. అమ్ముకోవలసిన అవసరం ఎవరికైనా రావచ్చు, మంచి ధర వస్తే సంతోషమే. మా పేచీ ఒక్కటే. రేపు వస్తుందో రాదో తెలియని ధర కోసం ఇవాళ్టి చదువును ఆపుకోవడం లెక్కల ప్రకారం కూడా తెలివైన బేరంలా లేదు. ఏ పుస్తకానికి గిరాకీ ఉంటుందన్నది, దాన్ని చిన్నప్పుడు చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. చందమామకు ఇవాళ వేలు పెట్టేది చిన్నప్పుడు చందమామ చదివినవాడే. రేపటి పిల్లల చేతికి ఇవ్వకుండా దాచిన పుస్తకాన్ని ఎల్లుండి ఎవరు కొంటారు?

ఇష్టంగా పోగుచేసినవాళ్లలో కొందరు ఇంకో దారి పట్టారు. తమ దగ్గరున్న పాత చందమామల్ని పేజీ పేజీ స్కాన్ చేసి, అడిగినవాళ్లకల్లా పంచారు. అరుదుదనమే ఆస్తి అనుకునేవాడు చేసే పని కాదది. అలా పంచిన తర్వాత వాళ్ల అలమరలోని కాగితాల మీద వాళ్లకు ఇష్టం తగ్గినట్టు మాత్రం ఎక్కడా వినలేదు.

సంక్రాంతి సెలవులకు పిల్లలు వస్తారు. తూకానికి పోకుండా మిగిలిన పెట్టె ఉంటే రెండు రోజుల ముందే దించి నీడలో ఆరబెట్టాలి, కలరా ఉండల వాసన పోవాలి కదా. ఎండలో పెడితే రంగులు వెలుస్తాయి. పిల్లలు పేజీలు చింపుతారు, అది ఖాయం. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం వేయకండి, కొన్నేళ్లకు జిగురు గోధుమరంగు మరకై కూర్చుంటుంది. పలచటి కాగితం ముక్క, పొయ్యి మీద ఉడికించిన చెంచాడు మైదా జిగురు చాలు. మైలుతుత్తం విషం, ఆ పని బైండరుకే వదిలేయండి.