నిద్రలో సాగే సాధన

నాలుగు, ఒకటి, మూడు, రెండు, నాలుగు. ఎడమచేతి నాలుగు వేళ్లతో ఈ వరసను కీబోర్డు మీద వీలైనంత వేగంగా, తప్పు లేకుండా కొట్టాలి. ముప్ఫై సెకన్లు కొట్టడం, ముప్ఫై సెకన్లు ఆగడం, అలా పన్నెండుసార్లు. 2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్, రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కుడిచేతివాటం వాళ్ల చేత చేయించిన పని ఇది. పొద్దున నేర్చుకుని సాయంత్రం మళ్లీ కొట్టినవాళ్లు దాదాపు మొదట ఉన్నచోటే ఉన్నారు. సాయంత్రం నేర్చుకుని, పడుకుని లేచి కొట్టినవాళ్ల వేగం మాత్రం 20 శాతం దాకా పెరిగింది. తప్పులు పెరగలేదు. రెండు గుంపులకీ మధ్యలో దొరికింది పన్నెండు గంటలే, ఆ పన్నెండు గంటల్లో ఎవరూ సాధన చేయలేదు. పొద్దున నేర్చుకున్నవాళ్లకి కూడా ఆ రాత్రి నిద్ర పట్టాక మర్నాడు అలాంటి పెరుగుదలే కనిపించింది.

వీణో మృదంగమో నేర్పేవాళ్లు ఇది రోజూ చూస్తూనే ఉంటారు. నిన్న రెండో కాలంలోనే తడబడిన జంట వరస ఇవాళ మూడో కాలంలో సాఫీగా పలుకుతుంది. పిల్ల ఇంట్లో బాగా సాధన చేసిందనుకుని మెచ్చుకుంటాం. చేసే ఉంటుంది. కానీ ఆ మెప్పులో కొంత రాత్రికి కూడా చెందుతుంది. 2004లో కెనిచి కురియామా, వాకర్, స్టిక్‌గోల్డ్ కలిసి ఇంకొంచెం లోపలికి వెళ్లి చూశారు. వరసలో ఒక వేలి నుంచి ఇంకో వేలికి మారేటప్పుడు ఎక్కడ సులువుగా వస్తోంది, ఎక్కడ చిక్కుపడుతోంది అని విడివిడిగా కొలిచారు. చిక్కుపడ్డ చోటే నిద్ర తర్వాత బాగా మెరుగైంది. ముందే తేలిగ్గా వచ్చినచోట పెద్దగా మార్పు లేదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన ఫలితం ఇదే. నేర్చుకునేవాడు ఎక్కడ కష్టపడ్డాడో నిద్రపోయే మెదడు అక్కడికే వెళ్లి పనిచేస్తోందన్నమాట.

అలా వెళ్లిన ఆనవాళ్లు కూడా దొరికాయి. అదే 2004లో విస్కాన్సిన్‌లో జూలియో టొనోనీ బృందం ఇంకో పరీక్ష పెట్టింది. చెయ్యి ఒకవైపు కదిపితే తెర మీద కర్సర్ కొంచెం పక్కకి తిరిగి పోతుంది, దానికి చెయ్యి అలవాటు పడాలి. ఆ రాత్రి వాళ్ల గాఢనిద్రలో వచ్చే నెమ్మది అలలు, ఆ పనిలో పాలుపంచుకున్న కుడివైపు మెదడు భాగంలో మామూలుకన్నా ఉధృతంగా వచ్చాయి. ఎవరిలో అవి ఎక్కువ పెరిగాయో వాళ్ల చెయ్యి మర్నాడు ఎక్కువ కుదిరింది. పదేళ్ల తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో వెన్-బియావో గాన్ బృందం, తిరిగే కడ్డీ మీద నడవడం నేర్చుకున్న ఎలుకల మెదడులోకి మైక్రోస్కోపుతో చూసింది. నిద్రపోయిన ఎలుకల్లో నాడీకణాల కొమ్మల మీద కొత్త మొలకలు ఎక్కువగా వచ్చాయి. నిద్ర దక్కని ఎలుకలకి ఇంకా ఎక్కువసేపు శిక్షణ ఇచ్చినా ఆ లోటు తీరలేదు.

దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు, వాళ్ల మాట వినాల్సిందే. శాన్ డీగోలో తిమోతీ రికార్డ్ బృందం 2008లో ఒక అభ్యంతరం లేవదీసింది. ఏకబిగిన కొడితే వేళ్లు అలిసిపోతాయి, పాఠం చివర్లో కొలిచిన వేగం అసలు వచ్చినదానికన్నా తక్కువ కనిపిస్తుంది. మర్నాడు అలసట తీరి కొడతారు కాబట్టి రాత్రికి రాత్రి నైపుణ్యం పెరిగినట్టు అనిపిస్తుంది. సాధనని విడతలుగా చేయించి చూస్తే ఆ పెరుగుదల చాలావరకు మాయమైంది. ఈ వాదన బలమైనదే. నిద్ర చేతిని పదును పెడుతుందా, లేక వచ్చినదాన్ని చెదిరిపోకుండా కాపాడుతుందా అన్న తగువు ఇంకా తేలలేదు. పిల్లలకి నేర్పేవాళ్లకి మాత్రం ఈ రెండిట్లో ఏది నిజమైనా చేయాల్సిన పని మారదని నా అభిప్రాయం. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో లియోనార్డో కోహెన్ బృందం ఇంకో సంగతి గమనించింది. కొత్త వరస నేర్చుకునే మొదటి నిమిషాల్లో వచ్చే మెరుగు, వేళ్లు కదులుతున్నప్పటికన్నా మధ్యలో ఆగిన పది సెకన్లలో వస్తోంది. కాబట్టి ఆపకుండా వాయించమనడం కూడా పునరాలోచించాల్సిన అలవాటే.

మన ఇళ్లలో ఏం జరుగుతోంది? బడి, ట్యూషన్, దాని తర్వాత కూచిపూడి క్లాసు, ఇంటికొచ్చి హోంవర్కు. పడుకునేసరికి పదకొండు దాటుతుంది. ఐదింటికి అలారం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. మనం కోసేస్తున్నది రాత్రి చివరి భాగం. 2002 పరీక్షలో వేళ్ల వేగం పెరగడానికి ఎక్కువ సంబంధం కనిపించింది సరిగ్గా ఆ చివరి పాతికవంతులో వచ్చే రెండో దశ నిద్రతోనే. స్పిండిల్స్ అనే చిన్న అలలు తరచుగా వచ్చే దశ అది. ఒక్కొక్కటీ మామూలుగా ఒకటి రెండు సెకన్లకి మించి ఉండదు.

తెల్లవారుజామున లేచి సాధన చేయడం మన సంగీతంలో గొప్ప సంప్రదాయం, దానిమీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ క్రమశిక్షణలో పెందలాడే పడుకోవడం కూడా భాగమే. లేచే వేళని పట్టుకుని, పడుకునే వేళని మనం వదిలేశాం. అరంగేట్రానికి ముందు వారాల్లో ఇది మరీ ఘోరం. కొత్త జతి పట్టుబడక ఏడుస్తున్న పిల్ల చేత రాత్రి పదింటికి ఇంకో ఇరవైసార్లు వేయిస్తారు. ఆ పిల్లని పడుకోబెట్టి మర్నాడు చూడమని అడుగుతున్నాను.

ఇంకా బాధపెట్టేది మెడికల్ కాలేజీల సంగతి. సూది గుచ్చడం, కుట్లు వేయడం, శ్వాసనాళంలోకి ట్యూబు పంపడం అన్నీ చేతి విద్యలే. వాటిని హౌస్ సర్జన్లూ పీజీలూ తెల్లవార్లూ డ్యూటీ చేస్తూ నేర్చుకుంటున్నారు. 2000లో స్టిక్‌గోల్డ్ బృందం చూపుకి సంబంధించిన ఒక నైపుణ్యం నేర్పి, ఆ మొదటి రాత్రి కొందరిని నిద్రపోనివ్వలేదు. తర్వాత రెండు రాత్రులు తృప్తిగా పడుకున్నా వాళ్లకి ఆ మెరుగు రాలేదు. అది కంటి పని, చేతి పనికి అదే లెక్క పూర్తిగా వర్తిస్తుందని నేను అనను. కానీ రోగి ఒంటి మీద నేర్చుకునే విద్య విషయంలో అంత అనుమానం చాలదా? కొత్త ప్రొసీజర్ నేర్పిన రోజు ఆ డాక్టరుకి నైట్ డ్యూటీ వేయకుండా రోస్టర్ రాయవచ్చు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, పరికరాలు అక్కర్లేదు, జీవో కూడా అక్కర్లేదు. విభాగాధిపతి వచ్చే నెల షీటు వేసేటప్పుడు రెండు పేర్లు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది.