నాటకం చదివినవాళ్లు ఏం చేస్తున్నారో అడిగి రాయండి

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. చేరితే నష్టపోయే కోర్సులంటూ ఇచ్చిన జాబితాలో రంగస్థల కళలను కూడా కలిపేశారు. సినిమా ఛాన్సుల కోసం ఎదురుచూసేవాళ్లు కాలక్షేపానికి చేరే చదువని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అదే పేజీ అడుగున ఉద్యోగార్థులకు సలహాలు ఇచ్చారు. సభాభయం పోగొట్టుకోవాలట, ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినాలట, గొంతు స్పష్టంగా ఉండాలట, పదిమందితో కలిసి పనిచేయడం రావాలట. ఇవన్నీ రోజూ సాధన చేయించే చదువును పైన కొట్టిపారేసి, కింద ఇవే నేర్చుకోమంటారా? అచ్చుకు పంపేముందు పేజీ మొత్తం చదివినవాళ్లు మీ దగ్గర ఒక్కరూ లేరా?

నేను విశాఖలో రంగస్థల కళల్లో పీజీ చేశాను. సినిమాల్లోకి వెళ్లలేదు, వెళ్లాలనీ అనుకోలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో రోగుల బంధువులతో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను. ఆపరేషన్ ఎందుకు వాయిదా పడిందో, ఐసీయూలోకి ఇంటిల్లిపాదినీ ఎందుకు పంపలేమో, బిల్లులో ఫలానా ఖర్చు ఎలా వచ్చిందో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి.

ఈ ఉద్యోగానికి ముందు ఇలాంటి పనికే ఇంకో ఆసుపత్రిలో ఇంటర్వ్యూకు వెళ్లాను. ఆ సంగతి చెప్పకుండా ఉండలేను. బల్లకు అవతల కూర్చున్నవాళ్లలో పెద్దాయన ఒకరు నా సర్టిఫికెట్ చూసి పక్కాయనకు అందించారు. ‘నాటకాలా? ఏదీ, ఓసారి ఏడ్చి చూపించమ్మా’ అన్నారు. అందరూ నవ్వారు. ‘ఎవరు పోయారు సార్? ఆ మనిషి నాకేమవుతారు? ఇప్పుడు నా పక్కన ఎవరున్నారు? చెబితే చేస్తాను’ అన్నాను. నవ్వు ఆగిపోయింది. నేను పొగరుగా అనలేదు. ఏ సన్నివేశమైనా చేసేముందు మా మాస్టారు మా చేత అడిగించిన ప్రశ్నలే అవి. ఆ తర్వాత పని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ‘కబురు చేస్తాం’ అన్నారు, ఆ కబురు రాలేదు. నాకు ముందు లోపలికి వెళ్లొచ్చిన బీకామ్ అబ్బాయిని ఎక్కాలు అప్పజెప్పమన్నారా? లేదు. కంప్యూటర్ కోర్సు చేసిన అమ్మాయిని టైపు కొట్టి వినోదం కలిగించమన్నారా? అదీ లేదు. మా చదువే అందరికీ అలుసు. శోకంతో, భయంతో వచ్చేవాళ్లతో మాట్లాడాల్సిన ఉద్యోగానికి మనుషుల్ని ఎంచుకుంటూ ఏడుపును వేళాకోళం చేసిన ఆ పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మీ వ్యాసం చదవగానే ఆ నవ్వే మళ్లీ వినిపించింది.

నటన తరగతిలో ఏం చెబుతారో మీ వ్యాసకర్తకు తెలిసినట్టు లేదు. మా మాస్టారు నాకు ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లు పాత్ర ఇచ్చారు. ఆడపిల్లకు ఆ పాత్రేమిటని నేను గొణిగాను. కూతుళ్లను అమ్ముకునే మనిషి, కోర్టు వ్యాజ్యాల పిచ్చి ఉన్న మనిషి, అయినదానికీ కానిదానికీ ఇంతెత్తున లేచే మనిషి. మొదటి రిహార్సల్లో అరిచి ఊరుకున్నాను. ‘అరుపు ఎవరైనా అరుస్తారు, ఆయన దేనికి భయపడుతున్నాడో వెతికి పట్టుకురా’ అన్నారు మాస్టారు. తన ఇంట్లో తన మాట చెల్లకుండా పోతుందన్న భయం ఆ మనిషిని పట్టి పీడిస్తోందని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. అప్పుడు కూడా ఆయన చేసింది తప్పు కాదని నేను అనుకోలేదు. కానీ ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది.

ఇవాళ కౌంటర్ దగ్గర బల్ల గుద్ది బూతులు తిట్టే మనిషిని చూసినప్పుడు నాకు అక్కరకొచ్చేది అదే. మొన్నామధ్య ఒకాయన రసీదు నా మొహాన విసిరికొట్టారు. నేను గొంతు పెంచలేదు. ఊపిరి కడుపులోకి తీసుకుని, మాట నెమ్మది చేసి, ‘లోపల ఎవరున్నారండీ మీవాళ్లు?’ అని అడిగాను. తల్లి. ఉదయం నుంచి ఆమె ఎలా ఉందో ఆయనకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. బిల్లు మీద అరుస్తున్నారు కానీ ఆయన గొడవ బిల్లు గురించి కాదు. ఇది మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరంలో వచ్చే విద్య కాదండీ. తోటి నటుడు డైలాగు మర్చిపోతే ప్రేక్షకుడికి తెలియకుండా అందుకోవడం, అందరి ముందూ దర్శకుడు తప్పు పడితే మర్నాడు మళ్లీ అదే చోట నిలబడడం, మన వేషం లేని రోజున స్టేజీ ఊడ్చి, సెట్టు మోసి, తెర వెనక ప్రాంప్టింగ్ చెప్పడం, ఇవన్నీ మాకు మార్కులున్న పాఠాలే. రిహార్సల్‌కు ఆలస్యంగా వస్తే ఎంత మంది పొద్దు వృథా అవుతుందో ఒకసారి చూసినవాళ్లు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లరు.

వైద్యులకు నటన విలువ ఎప్పుడో తెలిసింది. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు ఒక మనిషికి రోగిలా నటించడంలో తర్ఫీదు ఇచ్చి, ఆ మనిషి దగ్గరికి తన విద్యార్థులను పంపి పరీక్షించారు. ఇవాళ ఎన్నో దేశాల వైద్య కళాశాలల్లో ఆ పద్ధతి ఉంది. మన దేశంలోనూ 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో, రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే భాగాన్ని ఎట్‌కామ్ అన్న పేరుతో చేర్చారు. డాక్టర్లకు పాఠంగా పెట్టినదాన్ని మా దగ్గరికి వచ్చేసరికి కాలక్షేపం అనడం ఏం న్యాయం? అసలు మన ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే బడిపిల్లలతో. 1880లో కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. కోర్టుల్లో జరిగే మోసాలను పిల్లల నోట పలికించారు. ఆయన వాళ్లను సినిమాల కోసం తయారు చేయలేదు, అప్పటికి సినిమాయే లేదు.

పనిలో పనిగా ఇంకో మాట. మీ జిల్లా పేజీలో పరిషత్తు నాటక పోటీల వార్త వేసినప్పుడల్లా జ్యోతి వెలిగించిన ఎమ్మెల్యే పేరు, శాలువా కప్పినవారి పేరు, కప్పించుకున్నవారి పేరు ఉంటాయి. ఫొటో కూడా వాళ్లదే. నాటకం రాసిందెవరు, దర్శకుడెవరు, ఏ ఊరి సమాజం ఆడింది, వేషాలు ఎవరు కట్టారు అన్నది ఒక్క ముక్క ఉండదు. లైటింగ్ చేసిన మనిషి పేరు నేను ఒక్కసారి కూడా చూడలేదు. పగలంతా కొలువు చేసుకుని, రాత్రిళ్లు రిహార్సళ్లు వేసుకుని, సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చిన వాళ్ల పేర్లు వేయడానికి మీకు చోటు చాలదు. ఇలా ఏళ్ల తరబడి నటుల్ని కనపడకుండా చేసి, ఇప్పుడు నాటకం చదివినవాళ్లు ఎక్కడా కనపడరని రాస్తున్నారు.

నాటకం మీదే బతకడం కష్టమన్నది నిజం. ఆ శాఖల్లో అధ్యాపక పోస్టులు తక్కువ, నాటక సమాజాలు జీతాలు ఇవ్వలేవు. ఆ మాట రాయండి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ చదువు మనిషికి ఏమిస్తుందో కూడా రాయాలి. అందుకు సినిమాల్లో లేనివాళ్లను, బడుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మావాళ్లను వెతికి మాట్లాడాలి. మీ విలేకరులకు అదేమంత కష్టమైన పని కాదు.

నాకు ఇంత కోపం ఎందుకు వచ్చిందంటే, మా అక్క కూతురు ఈ ఏడు రంగస్థల కళల్లో చేరతానని పట్టుబట్టింది. నలుగురిలో నోరు విప్పని పిల్లకు, కాలేజీ వార్షికోత్సవంలో ఒక చిన్న వేషం వేశాక బస్సులో కండక్టర్‌ను చిల్లర అడిగే ధైర్యం వచ్చింది. వాళ్ల నాన్న సరేనన్నారు. ఆదివారం మీ పేజీ చూసి మనసు మార్చుకున్నారు. దాన్ని ఫొటో తీసి నాకు పంపి, ‘చూశావా, పేపర్లోనే రాశారు’ అన్నారు. నేను ఎంత చెప్పినా బావగారు వినడం లేదు. అచ్చులో వచ్చిన మాటకు నా మాట సాటి రావడం లేదు. దరఖాస్తులకు ఇంకా గడువుంది. దయచేసి ఈ ఉత్తరాన్ని వచ్చే ఆదివారమే, అదే పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ