తాళం తిప్పితే ‘టక్‌’... అంతే!

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ దర్శనం అయ్యేసరికి పొద్దు వాలింది. వెనక సీట్లో అమ్మ, ఒళ్లో నిద్రపోతున్న పాప. తాళం తిప్పాను. ‘టక్‌’మంది. మళ్లీ తిప్పాను. మళ్లీ ‘టక్‌’.

‘‘పొద్దున బానే వచ్చింది కదరా!’’ అంది అమ్మ.

అదే కదా చిక్కు! ఇలా ఎప్పుడో ఒకసారి మొరాయిస్తుంది. తీరా మెకానిక్‌ దగ్గరికి తీసుకెళ్తే పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకులా బుద్ధిగా స్టార్టవుతుంది. రెండు నెలల్లో బ్యాటరీ మార్చాను, స్టార్టర్‌ మోటారూ మార్పించాను. డబ్బు పోయింది కానీ జబ్బు పోలేదు.

చేపల చెరువుల మీద ఇంజిన్లు బాగుచేసే కుర్రాణ్ని ఎవరో పిలుచుకొచ్చారు. అతను బానెట్‌ ఎత్తకుండా ముందు ప్రశ్నలు వేశాడు. ‘‘ఒక్క టక్కేనా, టకటకమని వరసగానా? అప్పుడు లైట్లు మసకబారుతున్నాయా? ఇంజిన్‌ వేడి మీదా, చల్లారాకా?’’

వరసగా టకటకమంటే చాలావరకు బ్యాటరీ నీరసమే. ఇంజిన్‌ తిరుగుతూ అంటుకోకపోతే పెట్రోలో, స్పార్కో చూడాలి. వేడి మీద మొరాయించి, చల్లారాక మామూలైతే క్రాంక్‌ సెన్సర్‌ని అనుమానించాలి. మాది ఒక్క టక్కే. లైట్లు మాత్రం దేదీప్యమానం!

మల్టీమీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. అంటే నిండుగా ఉన్నట్టే. తర్వాత ఒక తీగ బ్యాటరీ మైనస్‌ మీద, రెండోది ఇంజిన్‌ ఇనుము మీద ఆనించి తాళం తిప్పమన్నాడు. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదట. మాకు మూడు దాటింది. కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే అడ్డం ఉందన్నమాట.

ఇంజిన్‌కి బిగించిన ఎర్త్‌ వైరు కొస చిలుము పట్టి ఉంది. గతుకుల్లో ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. బ్యాటరీ మైనస్‌ తీసేసి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించాడు. పది నిమిషాల పని. ఈ పరీక్ష బండి మొరాయించినప్పుడు చేస్తేనే ఫలితం. బాగున్నప్పుడు మీటరుకీ ఏమీ కనబడదు. అందుకే ఈసారి మీ బండి మొండికేస్తే, కంగారుపడి తాళం తిప్పుతూ కూర్చోకుండా ఆ శబ్దాన్ని సెల్‌ఫోన్లో రికార్డు చేయండి. లైట్లెలా ఉన్నాయో, ఎంతసేపు నడిపాక ఆగిందో రాసిపెట్టుకోండి. మెకానిక్‌కి అవే కావాలి.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ‘‘అమ్మవారి మహిమ’’ అంటూ అమ్మ ఆ అబ్బాయి చేతిలో కొబ్బరిచెక్క పెట్టింది.

కైకలూరులో టీకి ఆగాం. ఎందుకైనా మంచిదని నేను ఇంజిన్‌ మాత్రం ఆపలేదు.