గురి తప్పింది ఎవరు?



మొన్న మన సంఘపు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. మన సహోదరుడు ఒకరు పత్తి డబ్బులు చేతికొచ్చిన రోజున ఆరో తరగతి చదివే కూతురిని ఒంగోలులో ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళాడు. బెలూన్లు కాల్చే కొట్టు దగ్గర ఆ పాప తుపాకీ భుజానికి ఆనించి గురి చూస్తోంది. తండ్రి పక్కనే మోకాళ్ళ మీద కూర్చొని నవ్వుతున్నాడు. అంతే ఆ ఫొటో.

దాని కింద ఎన్ని మాటలు! విశ్వాసి చేతిలో తుపాకీ ఏమిటని ఒకరు. ఆడపిల్లకు ఇదేం వేషమని ఒకరు. కానుకకు లేని డబ్బు బెలూన్లకు ఎక్కడిదని ఇంకొకరు. ఆదివారం ఆ సహోదరుడు ఆరాధనకు రాలేదు. అందుకే మేము ఊరుకోలేక రాస్తున్నాము.

పెద్దల భయం మాకు తెలియనిది కాదు. పల్నాటి వైపు కక్షల్లో నాటుబాంబులు పేలిన ఊళ్ళు ఉన్నాయి, పసుపుకుంకాలు పోయిన ఇళ్ళు ఉన్నాయి. ఆయుధం పేరు వింటే గుండె ఝల్లుమనడం సహజమే. కానీ కక్షతో పట్టిన ఆయుధం వేరు, ఆటలో చూసిన గురి వేరు. ఆ తేడా వాక్యానికి తెలుసు. 1 సమూయేలు 20వ అధ్యాయం తీసి చదవండి. యోనాతాను గురి చూసి వేసినట్టు బాణాలు వేస్తాడు, వెంట వచ్చిన పిల్లవాడు పరుగెత్తి ఏరుకొస్తాడు. ఆ బాణాలు దావీదు ప్రాణం కాపాడడానికే పనికొచ్చాయి. జెకర్యా 8:5 చూడండి. దేవుడు బాగుచేసిన పట్టణం ఎలా ఉంటుందో ప్రవక్త చెబుతూ, వీధుల నిండా ఆడుకునే మగపిల్లలనూ ఆడపిల్లలనూ చూపించాడు. ఆడపిల్లలను దేవుడు వదిలిపెట్టలేదు, మనమెందుకు వదిలిపెట్టాలి?

మన తాతలు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలేవారు. దావీదు చేతిలో ఉన్నదీ వడిసెలే. అది తిప్పడం వారికి నేర్పింది తండ్రులే. క్యాటర్‌బాల్‌తో చింతకాయలు రాల్చని మగవాడు మన సంఘంలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి.

ఇంకో మాట అడుగుతాము, కోపగించుకోకండి. ఆ ఫొటోను తప్పుపట్టిన ఇళ్ళలోనే పిల్లలు ఫోన్ పట్టుకొని, దుప్పటి కప్పుకొని, అర్ధరాత్రి దాకా మనుషులను కాల్చే ఆటలు ఆడుతున్నారు. అక్కడ పక్కన తండ్రి లేడు. బొమ్మ మనిషి పడిపోతే పిల్లవాడు ఒంటరిగా నవ్వుకుంటున్నాడు. దానికి మనకు అభ్యంతరం లేదు. తండ్రి పక్కన కూర్చొని, వేలు ఎప్పుడు పెట్టాలో, గొట్టం ఎటు ఉంచాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చెబుతూ ఒక బెలూన్ పగలగొట్టిస్తే మాత్రం పాపమా?

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ కోసం తండ్రి సచిన్ సింగ్ తన కారు రేసులు మానుకొని ఆమె వెంట నిలబడ్డాడు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆమె పిస్తోలుతో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. అవే క్రీడల్లో కృష్ణ అవతల విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విల్లుతో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమె తండ్రి పశువైద్యుడు. ఆమె ఆటలో యాభై మీటర్ల దూరాన ఉండే పది పాయింట్ల వలయం వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లే. పతకాల కోసం ఇది చెప్పడం లేదు. మన పాపకు వచ్చింది పతకం కాదు, ప్లాస్టిక్ దువ్వెన. కానీ ఆ తండ్రులు ఇచ్చినదే ఈ తండ్రీ ఇచ్చాడు. తన సమయం ఇచ్చాడు.

మన తండ్రులు చెడ్డవాళ్ళు కారు. మిరప కోతలప్పుడు కల్లంలోనే పడుకుంటారు. టిక్కీలు వేసుకొని గుంటూరు యార్డుకు పోతే రేటు తేలేదాకా అక్కడే కాపలా. పురుగు మందు, కౌలు, వడ్డీ, వీటి మధ్య ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అప్పుల బాధతో పోయిన ఒక రైతు ఇంట మేము ప్రార్థనకు కూర్చున్నప్పుడు, నాన్నతో నీకు బాగా గుర్తున్నది ఏమిటని కొడుకును అడిగాము. ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించి, "ఆయన ఎప్పుడూ చేలోనే ఉండేవాడండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు. ఈ పాపను ముప్పై ఏళ్ళ తర్వాత అడిగితే చెప్పుకోవడానికి ఒక సాయంత్రం ఉంది. దాన్ని మనం పాపం అంటున్నాము.

హద్దులు లేవని మేము అనడం లేదు. పిట్టను గానీ కుక్కను గానీ గురి చూడకూడదు. డబ్బు పందెం పెట్టకూడదు. ఆటకైనా మనిషి వైపు గొట్టం తిప్పకూడదు. హాని చేసి, నవ్వులాటకు చేశాననే వాడిని సామెతలు 26:18, 19 ఏమంటుందో చదువుకోండి.

న్యాయాధిపతులు 20:16లో వెంట్రుకకు గురిపెట్టి వడిసెల విసిరినా తప్పని బెన్యామీనీయులు కనిపిస్తారు. అక్కడ గురి తప్పడానికి వాడిన హెబ్రీ క్రియనే లేఖనాలు పాపం చేయడానికీ వాడతాయి. ఆ సాయంత్రం ఆ పాప ఎన్ని బెలూన్లు తప్పిందో మాకు తెలియదు. మన సంఘం మాత్రం గురి తప్పింది. కీర్తన 127లో పిల్లలు బలవంతుని చేతిలోని బాణాలవంటివారు. బాణాన్ని చేత్తో పట్టుకోని వాడు దాన్ని ఎటు పంపగలడు?

కాబట్టి ఆ మాటలు రాసినవారు ఈ వారమే ఆ ఇంటికి వెళ్ళి, సహోదరుడితో సమాధానపడండి. మేమూ వస్తాము. తండ్రులారా, ఈ పంట డబ్బులో ఒక్క సాయంత్రం మీ బిడ్డకు ఇవ్వండి. తుపాకీ అక్కర్లేదు. గోళీలైనా సరే, గాలిపటమైనా సరే, పక్కన కూర్చోండి.

మన ఇళ్ళలో తండ్రుల హృదయాలను పిల్లల తట్టు ప్రభువు త్రిప్పును గాక. ఆమేన్.